సాక్షుల గది తలుపు

"తలుపు వెయ్యనా, తెరిచి ఉంచనా?"

బాధితుల సహాయ విభాగంలో చేరిన నాటి నుంచీ ఆ అమ్మాయి ఎవరిని కలిసినా ముందు అడిగే మాట ఇదే. విభాగాన్ని నడిపే పెద్దక్క నేర్పిన మొదటి పాఠం అది. "దెబ్బతిన్నవాళ్లని ఎవరూ ఏదీ అడగరమ్మా. ఇలా కూర్చో, ఇక్కడ సంతకం పెట్టు, అటు తిరుగు అంటారంతే. నువ్వు మాత్రం ముందు తలుపు సంగతి అడుగు. అదొక్కటైనా వాళ్ల చేతిలో ఉంటుంది."

పోలీసు స్టేషన్‌లో ఆ విభాగానికి దక్కింది మెట్ల కింద గది. కానిస్టేబుళ్లు దానికి ఏడుపుగది అని పేరు పెట్టారు. చేతిసంచిలో ఎప్పుడూ ఉతికిన రుమాళ్లు మడతపెట్టుకుని తిరుగుతుంది గనక ఆ అమ్మాయికి రుమాలు మేడం అని పెట్టారు. "ఏం మేడం, ఇవాళ ఎన్ని తడిశాయేంటి?" అని ఎవరో ఒకరు అననిదే వాళ్లకి పొద్దు గడవదు. "మీ రిటైర్మెంటుకని ఒకటి దాచి ఉంచాను లెండి" అని ఆమె కూడా ఊరుకోదు. ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. తల్లి బస్సు డిపోలో ఊడుస్తుంది. కూతురు పోలీసుల్లో పనిచేస్తోందని డిపోలో అందరికీ చెప్పుకుంది. యూనిఫారం లేదేమని ఎవరైనా అడిగితే, "పెద్ద ఉద్యోగాలకి ఉండదులే" అని సర్దిచెబుతుంది.

ఆ రోజు రుమాలు మేడం ఉన్నది స్టేషన్‌లో కాదు, కోర్టులో. సాక్షుల గది గుమ్మంలో నిలబడి, సాక్ష్యం చెప్పడానికొచ్చిన టైలరమ్మని ఆ మాట అడిగింది.

"తెరిచే ఉంచు తల్లీ. మూస్తే నేను చస్తాను" అంది టైలరమ్మ.

తెరిచి ఉంచడం అంత తేలిక కాదని ఇద్దరికీ క్షణంలోనే తెలిసిపోయింది. ఆ గదికి కిటికీ లేదు. పైన గాలిపంకా ఉండాల్సిన కంతకి చెక్క కొట్టేశారు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, పిల్లలు వస్తే ఆడుకోవడానికని ఒక అట్టపెట్టెలో చెయ్యి ఊడిన ఎలుగుబంటి బొమ్మ, ఉండి ఉండి కన్నుకొట్టే ట్యూబులైటు. తలుపుకి పైన స్ప్రింగు బిగించారు. ఎంత తెరిచినా దానంతట అదే వచ్చి మూసుకుంటుంది. రుమాలు మేడం అటూ ఇటూ చూసి, సంచిలోంచి తన స్టీలు క్యారియర్ తీసి తలుపుకి అడ్డం పెట్టింది. జానెడు సందు మిగిలింది.

ఆ జానెడు సందులోంచి సరిగ్గా ఎదురుగా వరండాలో బెంచీ కనిపిస్తోంది. బెంచీ మీద షట్టర్ల మనిషి తల్లి కూర్చుని ఉంది.

షట్టర్ల మనిషి అంటే ఆ వీధిలో దుకాణాలన్నిటికీ షట్టర్లు బాగుచేసేవాడు. బిగుసుకుంటే గ్రీజు పెట్టేవాడూ అతనే, తాళం పోతే విప్పేవాడూ అతనే. చలికాలం మొదట్లో ఒక సాయంత్రం టైలరమ్మ కొట్టు కట్టేసే వేళకి ఎవరో లోపలికి వచ్చి, ఆమెని తల మీద కొట్టి, గల్లాపెట్టె, ఖరీదైన బట్టల మూట ఎత్తుకుని, పోతూ పోతూ బయటి నుంచి షట్టర్ దించి తాళం వేసి పోయారు. కూతురు వేరే ఊళ్లో ఉంటోంది. ఇంటికి రాలేదేమని అడిగే దిక్కు లేదు. రాత్రంతా ఆ చీకట్లో, గుడ్డ ముక్కల మధ్య పడి ఉంది. పొద్దున్న పక్కకొట్టు అతను మూలుగు విని తాళం పగలగొట్టి తీశాడు. ఆసుపత్రిలో ఇన్‌స్పెక్టర్ అడిగితే ఆమె షట్టర్ల మనిషి పేరు చెప్పింది. కేసు మొత్తం నిలబడింది ఆ మాట మీదే. పోయిన సరుకు దొరకలేదు, చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. అతను బెయిలు మీద బయటికొచ్చి, మళ్లీ అదే వీధిలో, టైలరమ్మ కొట్టు ముందు నుంచే నిచ్చెన భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. ఇవాళ ఆమె సాక్ష్యం చెబితే అతను లోపలికి పోతాడు. చెప్పకపోతే ఆమె ఆ వీధి వదిలిపెట్టాల్సిందే.

"అక్కా, ఆవిడ వైపు చూడకండి" అంది రుమాలు మేడం కుర్చీ అడ్డంగా జరుపుతూ.

"అక్కేంటే? మీ అమ్మ ఈడుదాన్ని. పిన్నీ అను."

"సరే పిన్నీ, చూడకండి."

"చూడకపోతే తలుపు ముయ్యాలి. తలుపు మూస్తే ఊపిరాడదు. తెరిస్తే ఆవిడ చూపు గుచ్చుకుంటుంది. నన్ను కొట్టినవాడు హాయిగా బయట గాలి పీలుస్తున్నాడు, నేనేమో ఈ డబ్బాలో! ఇదేం న్యాయమే?" టైలరమ్మ లేచి నిలబడింది. నుదురంతా చెమటలు. మెడలో ఎప్పుడూ ఉండే కొలతల టేపు లేకపోయేసరికి చేతులు ఏం చెయ్యాలో తెలియక చీర అంచుని చుడుతూ విప్పుతూ ఉన్నాయి. "నేను పోతాను. కేసూ వద్దు, గీసూ వద్దు. ఏ ఊళ్లోనైనా బతకొచ్చు. కుట్టు మిషను ఎక్కడైనా తిరుగుతుంది."

రుమాలు మేడం గబుక్కున అడ్డం వచ్చింది. అంతకు ముందు ఇలాగే ఈ గదిలోంచే ఒకామె లేచి వెళ్లిపోయింది. మంచినీళ్లకని వెళ్లి మళ్లీ రాలేదు. ఆ కేసు కొట్టేశారు. ఆ మనిషి ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు.

"పిన్నీ, నా మాట వినండి." ఆమె టైలరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "ఈ గదిలో మీరేమన్నా అనండి. ఏడవండి, తిట్టండి, మనసులో ఉన్నదంతా కక్కేయండి. ఇక్కడన్నది ఇక్కడే ఉంటుంది. నేను మీ పక్కనే ఉంటాను. లోపలికి కూడా మీతోనే వస్తాను."

టైలరమ్మ ఆ మొహంలోకి కాసేపు చూసి, మెల్లగా కూర్చుంది.

అక్కడే తప్పు జరిగిపోయింది. పెద్దక్క నేర్పిన రెండో పాఠం వేరే ఉంది. తలుపు సంగతి అడిగిన వెంటనే చెప్పాల్సిన మాట అది. "జరిగింది మాత్రం నాకు చెప్పొద్దు. ఆ రోజు సంగతులు నా చెవిన పడితే నేను వాటిని దాచలేను." తోడు వచ్చినవాళ్లు కేసు గురించి కొత్త మాట ఏది విన్నా ప్రభుత్వ లాయరుకి చెప్పి తీరాలి. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు ఎంత దగ్గరగా కూర్చున్నా, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెడతారు. బయటివాళ్లకి అది రాతిగుండెలా కనిపిస్తుంది. రుమాలు మేడం ఆ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. ఇవాళ మాత్రం, లేచిన మనిషిని కూర్చోబెట్టే ఆత్రంలో, దానికి సరిగ్గా ఎదురు మాట చెప్పింది. చెప్పాక గుర్తొచ్చింది. సరే, కాస్త కుదుటపడ్డాక సర్దిచెబుదాంలే అనుకుంది.

ఎంతకీ పిలుపు రాలేదు. బంట్రోతు వచ్చి, "ముందు వేరే కేసు నడుస్తోందమ్మా, కూర్చోండి" అని పోయాడు. మళ్లీ వచ్చి అదే మాట చెప్పి పోయాడు.

"ఏమైనా తింటారా పిన్నీ? మా అమ్మ ఇద్దరికీ సరిపడా పెట్టింది."

"ఏదీ?"

రుమాలు మేడం తలుపు వైపు చూపించింది. టైలరమ్మ క్యారియర్‌ని చూసింది, తలుపుని చూసింది, ఫక్కున నవ్వింది. "బాగుందే నీ వరస! అన్నం తినాలంటే తలుపు మూసుకోవాలి, తలుపు తెరుచుకోవాలంటే పస్తుండాలి. ఈ కోర్టు కట్టినవాడెవడో కానీ, వాడి చొక్కాకి గుండీలు వీపున కుట్టాలి!"

ఇద్దరూ నవ్వారు. ఎలుగుబంటిని అడ్డం పెట్టి చూశారు. స్ప్రింగు దాన్ని నలిపి పారేసింది. పోనీ, పస్తే మేలనుకున్నారు.

తర్వాత టైలరమ్మ బాత్‌రూముకి పోవాలంది. ఇద్దరూ కలిసే వెళ్లారు. తిరిగి వస్తుంటే బెంచీ మీది ముసలామె లేచి నిలబడింది. అరవలేదు, తిట్టలేదు. రుమాలు మేడం "పక్కకి జరగండమ్మా" అంటూ మధ్యలోకి వెళ్లేలోపే ఒక్క మాట అడిగింది.

"వదినా, నా కొడుకు మొహం నువ్వు చూశావా? చూశాను అని ఒక్క మాట నా కళ్లలోకి చూసి చెప్పు. నేను ఇంటికి పోతాను, మళ్లీ ఈ గడప తొక్కను."

టైలరమ్మ చూపు తిప్పుకుంది. రుమాలు మేడం ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి గదిలోకి నడిపించింది. క్యారియర్‌ని కాలితో తలుపులోకి తోసింది.

కుర్చీలో పడగానే టైలరమ్మ చీర అంచుని వేలికి చుట్టింది. "చూడలేదే" అంది.

"పిన్నీ, ఆగండి..."

"చూడలేదు. నేను కత్తిరింపు బల్ల కింద దారపు బాబిన్ వెతుక్కుంటుంటే లైటు ఆర్పేశాడు. తలెత్తేలోపే పడింది దెబ్బ. బోర్లా పడ్డాను. మొహమెక్కడ చూశాను?"

రుమాలు మేడం చెయ్యి లేచింది, సగంలో ఆగిపోయింది. ఇప్పుడు ఆపమంటే ఈ మనిషి మళ్లీ నోరు తెరవదని ఆమెకి తెలుసు. ఇక్కడన్నది ఇక్కడే ఉంటుందని తనే కదా చెప్పింది.

"కానీ వాడే. ఒట్టు, వాడే. షట్టర్ దించడం విన్నాను. సగం దించి ఆగుతాడు. కింద పట్టీ మీద కాలితో తడతాడు, టక్ టక్ అని. అప్పుడు ఒక్క గుంజు గుంజుతాడు. మా వీధిలో ఇంకెవరూ అలా దించరు. బాగుచేసిన ప్రతిసారీ అలాగే దించి చూసి పోతాడు. ఆ కొట్లో కూర్చుని ఎన్నేళ్లుగా విన్నానో! ఆసుపత్రిలో ఆ ఇన్‌స్పెక్టర్ బాబు, 'చూశారు కదా?' అన్నాడు. తల పగిలి ఉంది. తెలిసిందంటే చూసినట్టే కదా అనుకుని, 'ఆ' అన్నాను. ఆయన రాసుకున్నాడు. ఇక ఆ తర్వాత ఎక్కడ మార్చను? ఎవరితో అనను? నీతో అన్నాను, ఇంకెవరికీ చెప్పకే."

రుమాలు మేడం సంచిలోంచి రుమాలు తీసి ఇచ్చింది. "ఇప్పుడే వస్తాను పిన్నీ" అని వరండా చివరికి వెళ్లి పెద్దక్కకి ఫోన్ చేసింది.

విషయమంతా విని పెద్దక్క ముందు ఒక్కటే అడిగింది. "ఎందుకు చెప్పనిచ్చావమ్మా?"

"ఆపలేకపోయానక్కా. ఇక్కడన్నది ఇక్కడే ఉంటుందని నేనే అన్నాను. లేకపోతే వెళ్లిపోయేది."

"నువ్వు ఇప్పుడు తోడు కాదు. సాక్షివి. తెలుస్తోందా?"

"ఎవరూ వినలేదక్కా. నేనొక్కదాన్నే." అనేశాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వాడే చేశాడని ఆవిడకి తెలుసు. నేను నోరు మూసుకుంటే వాడు లోపలికి పోతాడు. ఆవిడ హాయిగా కొట్టు తెరుచుకుంటుంది."

"వాడు చేసి ఉండకపోతే?"

బెంచీ మీది ముసలామె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటోంది. రుమాలు మేడం చూపు తిప్పుకుంది.

"నేను వచ్చి నీ చెవులు మూయలేను తల్లీ" అంది పెద్దక్క. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధనిపించింది. "లాయరుకి నువ్వే చెప్పాలి. కానీ అంతకన్నా ముందు ఆవిడకి చెప్పు. వెనక నుంచి మాత్రం పొడవకు."

ఆమె వరండా పొడవునా వెనక్కి నడిచింది. చెబితే తనని నమ్మిన మనిషిని తన చేతులతో తనే తోసేసినట్టు. చెప్పకపోతే రేపటి నుంచి ఏ బాధితురాలి ముందు కూర్చుని ఏ మొహంతో మాట్లాడడం? ఎటు తిరిగినా గోడే. రాజీనామా చేసి పోయినా, చెవిలో పడిన మాట చెవిలోనే ఉంటుంది. డిపోలో అమ్మ ఎవరికేం చెప్పుకుంటుందో కూడా ఒక్క క్షణం మనసులో మెదిలింది. సిగ్గేసింది.

గదిలోకి వచ్చి, కుర్చీలో కాకుండా టైలరమ్మ ముందు నేల మీద కూర్చుంది.

"పిన్నీ, నేను మీకు అబద్ధం చెప్పాను. ఇక్కడన్నది ఇక్కడే ఉండదు. మీరు చెప్పింది నేను లాయరు గారికి చెప్పి తీరాలి. ముందే మీకు చెప్పాల్సింది. మీరు వెళ్లిపోతారన్న భయంతో చెప్పలేదు."

టైలరమ్మకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక రుమాలుని మడతపెట్టి బల్ల మీద పెట్టేసింది. తిరిగి ఇచ్చేసినట్టు.

"అంటే నువ్వూ బయటి నుంచి తాళం వేశావన్నమాట."

ట్యూబులైటు రెండుసార్లు కన్ను కొట్టింది.

"నేను చెబితే వాడు బయటపడతాడా?"

"పడొచ్చు."

"షట్టర్ చప్పుడంటే నవ్వుతారా లోపల?"

"నవ్వొచ్చు పిన్నీ. వాళ్ల లాయరు మిమ్మల్ని అబద్ధాలకోరు అంటాడు. ముందు చూశానన్నారు, ఇప్పుడు విన్నానంటున్నారు, రేపు వాసన చూశానంటారా అంటాడు."

"నువ్వు పక్కనుంటావుగా?"

ఆ సంగతి అప్పటిదాకా రుమాలు మేడానికే తట్టలేదు. "ఉండలేనేమో పిన్నీ. ఇప్పుడు నేనూ సాక్షినే. మిమ్మల్ని అడిగాక నన్నూ అడుగుతారు. అంతదాకా లోపలికి రానివ్వరు."

టైలరమ్మ తలుపు సందులోకి చూసింది. ఎదురుగా ముసలామె కూడా ఇటే చూస్తోంది. ఈసారి ఇద్దరిలో ఎవరూ చూపు తిప్పుకోలేదు.

"ఆవిడ కోడలికి నేనే జాకెట్లు కుట్టేదాన్ని" అంది టైలరమ్మ. "పిలువు ఆ లాయర్ని. నీ నోటితో ఎందుకు, నా నోటితోనే చెబుతాను. కుట్టు తప్పు పడితే విప్పాల్సింది కుట్టిన మనిషే."

ప్రభుత్వ లాయరు వచ్చి, నిలబడే విన్నాడు. విని నెత్తి కొట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా?" అని టైలరమ్మని, "మీకు ట్రైనింగులో ఏం నేర్పారు?" అని రుమాలు మేడాన్ని కోప్పడ్డాడు. అవతలి లాయరుకి ఇప్పుడే చెప్పాలన్నాడు, కేసు నిలబడుతుందో లేదో దేవుడికే తెలియాలన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "రాత్రంతా షట్టర్ బాదకుండా ఎందుకు ఊరుకున్నారని తప్పకుండా అడుగుతారు. ఏం చెబుతారు?"

ఆ ప్రశ్న అప్పట్లో ఇన్‌స్పెక్టరూ అడిగాడు. నిజానికి రుమాలు మేడం కూడా లోలోపల ఎన్నోసార్లు అనుకుంది. వీధిలో మనుషులు తిరిగేవేళే కదా, ఒక్కసారి బాదితే ఎవరో ఒకరు వచ్చి ఉండరా అని. టైలరమ్మ ఎప్పటిలాగే జవాబు చెప్పలేదు.

"మీరు ఇక్కడే ఉండండి" అన్నాడు లాయరు రుమాలు మేడంతో. "ఫోన్ నాకివ్వండి. పిలిచేదాకా ఎవరితోనూ మాట్లాడొద్దు."

బంట్రోతు వచ్చి పిలిచాడు. టైలరమ్మ లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. బల్ల మీది రుమాలు వైపు చూసి, తీసుకోలేదు. గుమ్మం దగ్గర ఆగి, స్ప్రింగుకి ఎదురుగా తలుపుని భుజంతో నెట్టి పట్టుకుని వెనక్కి తిరిగింది.

"తలుపు వెయ్యనా, తెరిచి ఉంచనా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతోంది.

"తెరిచి ఉంచండి పిన్నీ."

టైలరమ్మ వంగి క్యారియర్‌ని సరిగ్గా జరిపి, వెళ్లిపోయింది. వెనకే బెంచీ మీది ముసలామె కూడా లేచి కోర్టు హాల్లోకి నడిచింది. వరండా ఖాళీ అయింది. దూరంగా హాలు తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించింది.

రుమాలు మేడం కుర్చీలో కూర్చుని ఆ జానెడు సందులోకి చూస్తూ ఉంది. లోపల ఇప్పుడు ఏమడుగుతున్నారో. నవ్వుతున్నారేమో. టైలరమ్మ చేతులు చీర అంచుని చుడుతున్నాయేమో. స్ప్రింగు తలుపుని నెడుతూనే ఉంది. క్యారియర్ గచ్చు మీద కీచుమంటూ కాస్త జరిగింది. జానెడు సందు బెత్తెడయింది. ఇంకాస్త జరిగింది. లేచి సర్దవచ్చు. నాలుగడుగులైనా లేదు. తాళం లేదు, గొళ్లెం లేదు, తలుపు తోస్తే వచ్చేస్తుంది. ఎవరైనా ఉన్నారా అని పిలిస్తే బంట్రోతైనా పలుకుతాడు.

వరండాలో అడుగుల చప్పుడయింది. ఎవరో మగమనిషి. లాయరా, బంట్రోతా? లేక విరామం ఇచ్చి బయటికి వదిలిన షట్టర్ల మనిషా? అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

ఆమె లేవలేదు. పిలవలేదు. పిలిస్తే ఎవరు పలుకుతారో తెలియదు. కుర్చీ అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించి వింటూ ఉండిపోయింది. రాత్రంతా షట్టర్ ఎందుకు బాదలేదని ఇక ఆమె ఎవరినీ అడగదు.

క్యారియర్ చివరిసారి కీచుమంది. తలుపు మూసుకుంది.